ప్రాంతీయ అమెచ్యూర్ పూల్ టూర్: బహుమతి పెంచాలా, హ్యాండిక్యాప్ తీసేయాలా, పార్లర్లు చేర్చాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మూడు పూల్ పార్లర్లను కలిపి నైన్‌బాల్ (తొమ్మిది బంతులతో ఆడే పూల్) టూర్ మొదలుపెట్టారు. తొలి సీజన్‌లో ఒక్కో స్టాప్‌కు, అంటే టూర్‌లోని ఒక్కో టోర్నమెంట్‌కు, నలభై మంది దాకా వచ్చారు, ఇప్పుడు ముప్పై లోపే వస్తున్నారు. మీకు 64 మంది బ్రాకెట్ (మ్యాచ్‌ల పట్టిక) నిండాలని ఉంది. దానికి బహుమతి సొమ్ము పెంచాలా, హ్యాండిక్యాప్ (తక్కువ స్థాయి ఆటగాడికి ఇచ్చే వెసులుబాటు) తీసేయాలా, ఇంకో రెండు పార్లర్లు చేర్చాలా అన్నది ప్రశ్న. నేను చాలా ఏళ్ళుగా అమెచ్యూర్ టోర్నమెంట్లకు డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. నా అభిప్రాయంలో మొదటిదానికి వద్దు, రెండోదానికి అసలే వద్దు, మూడోదానికి ఇప్పుడే వద్దు. కారణాలు వివరంగా చెప్తాను.

ముందు ఒక లెక్క చూడండి. రెండుసార్లు ఓడితేనే బయటికి పోయే 64 మంది డబుల్ ఎలిమినేషన్ బ్రాకెట్‌లో మొదటి రౌండులో 32 మంది ఓడి లూజర్స్ సైడ్‌కు (ఒకసారి ఓడినవాళ్ళు ఆడే వైపుకు) వెళ్తారు. అక్కడి తొలి రౌండులో వాళ్ళలో 16 మంది మళ్ళీ ఓడి బయటికి వచ్చేస్తారు. అంటే వచ్చినవాళ్ళలో నాలుగోవంతు మంది సరిగ్గా రెండు మ్యాచ్‌లు ఆడి క్యూ కేసు సర్దుకుంటారు. ఎవరు గెలిచినా ఈ సంఖ్య మారదు, బ్రాకెట్ నిర్మాణమే అంత. గెలిచేవాళ్ళు ఎలాగూ మళ్ళీ వస్తారు, వాళ్ళను పిలవక్కర్లేదు. ఈ 16 మంది వచ్చే స్టాప్‌కు వస్తారా రారా అన్నదాని మీదే మీ టూర్ పెరుగుదల ఆధారపడి ఉంది. కాబట్టి ప్రతి స్టాప్ తర్వాత మొత్తం ఎంతమంది వచ్చారని కాకుండా, పోయినసారి కొత్తగా వచ్చినవాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారని లెక్కపెట్టండి. మీ టూర్‌లో జనం తగ్గడానికి కారణం ఆ లెక్కలోనే దొరుకుతుందని నా నమ్మకం.

బహుమతి సొమ్ము సంగతి త్వరగా ముగిస్తాను. ఫస్ట్ ప్రైజ్ పెంచితే దూరం నుంచి ఇద్దరు ముగ్గురు గట్టి ఆటగాళ్ళు వస్తారు, సొమ్ము తీసుకుని వెళ్తారు. లోకల్ వాళ్ళకు మిగిలేది ఇంకాస్త కష్టమైన డ్రా (ఎవరితో ఎవరు ఆడాలన్న కేటాయింపు). అమెరికాలో టర్నింగ్ స్టోన్ క్లాసిక్ లాంటి ఓపెన్ టోర్నమెంట్లలో అమెచ్యూర్లు ప్రొఫెషనల్స్ పక్కనే పేరిచ్చి ఆడతారు. అదొక గొప్ప అనుభవం, ఏడాదికి ఒకసారో రెండుసార్లో సంతోషంగా డబ్బు కట్టి వెళ్ళొచ్చు. నెలనెలా జరిగే టూర్‌కు ఆ నమూనా పనికిరాదు.

సొమ్ము పెంచడం కన్నా పంచే తీరు మార్చండి. ఫీల్డులో, అంటే ఆడటానికి వచ్చినవాళ్ళలో, నాలుగోవంతు మందికి ఏదో ఒకటి అందాలి. 64 మంది వస్తే 16 స్థానాలకు ఇవ్వండి. నేను వాడే నిష్పత్తి ఇది: మొదటి స్థానానికి 22 శాతం, రెండోదానికి 14, మూడు నాలుగు స్థానాలకు చెరో 9, ఐదు నుంచి ఎనిమిది వరకు తలా 5, తొమ్మిది నుంచి పదహారు వరకు తలా 3.25. ఎంట్రీ ఫీజు మొత్తం బహుమతిలోకే వెళ్తే, 64 మందిలో ఒక్కొక్కరి వాటా 1.56 శాతం. అంటే పదహారో స్థానంలో ఆగినవాడికి కట్టినదానికి రెట్టింపు వస్తుంది. మధ్యరకం ఆటగాడికి ఆ డబ్బు చేతిలో పడటం చాలా పెద్ద విషయం. ఇంటికెళ్ళి తను గెలుచుకున్నానని చెప్పుకుంటాడు, తర్వాతి స్టాప్‌కు పేరు ముందే రాయించుకుంటాడు.

ఇక హ్యాండిక్యాప్. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే టూర్లు నిలబడేదీ కూలేదీ ఇక్కడే.

హ్యాండిక్యాప్ తీసేయమని మిమ్మల్ని అడుగుతున్నవాళ్ళు ఎవరో గమనించండి. దాదాపు ఎప్పుడూ పైస్థాయి ఆటగాళ్ళే. వాళ్ళ వాదనలో న్యాయం లేకపోలేదు. ఏళ్ళ తరబడి సాధన చేసి సంపాదించిన ఆటను కాగితం మీద రెండు ర్యాకులిచ్చి (ర్యాక్ అంటే ఒక గేము) చెరిపేస్తే ఎవరికైనా బాధగానే ఉంటుంది. కానీ లెక్క ఏం చెప్తుందో చూడండి. గేముల స్కోర్ల నుంచి ఆటగాడి స్థాయిని లెక్కగట్టే ఫార్గోరేట్ పద్ధతిలో ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే పైవాడు సగటున రెండు ర్యాకులు గెలిస్తే కిందివాడు ఒకటి గెలుస్తాడు. ఆ ఇద్దరినీ సమానంగా 5 ర్యాకుల రేస్‌లో, అంటే ముందుగా ఐదు ర్యాకులు గెలిచినవాడిదే మ్యాచ్ అన్న పద్ధతిలో, ఆడిస్తే పైవాడు నూటికి 85 సార్లకు పైగా గెలుస్తాడు. తేడా 200 అయితే నిష్పత్తి నాలుగుకు ఒకటి, అదే రేస్‌లో పైవాడు నూటికి 98 సార్లు గెలుస్తాడు. స్థానిక ఫీల్డులో 350 రేటింగ్ వాళ్ళూ ఉంటారు, 600 వాళ్ళూ ఉంటారు. హ్యాండిక్యాప్ లేని డ్రాలో కిందివాడు ఎంట్రీ ఫీజు కట్టడం అంటే దాదాపు చందా ఇవ్వడమే. రెండుసార్లు ఇస్తాడు, మూడోసారి రాడు.

అలాగని తేడాను పూర్తిగా చదును చేయకూడదు. ఇది చాలామంది డైరెక్టర్లు పట్టించుకోని విషయం. 100 పాయింట్ల తేడాకు 6–3 రేస్ పెడితే, అంటే పైవాడు ఆరు కొట్టాలి, కిందివాడు మూడు కొడితే చాలు, కిందివాడికి 53 శాతం అవకాశం వస్తుంది. పైవాడి సాధనకు విలువ లేకుండా పోతుంది. అదే 5–3 పెడితే పైవాడికి 57 శాతం. 200 తేడాకు 6–2 పెడితే పైవాడికి 58 శాతం. నాకు సరైనది ఈ ప్రాంతమే. బాగా ఆడేవాడికి కొంచెం మొగ్గు ఉండాలి, కిందివాడు గెలిస్తే ఎవరూ నోరెళ్ళబెట్టకూడదు. మీ రేస్ చార్ట్‌ను ఈ దృష్టితో మళ్ళీ రాసుకోండి. రాశాక గోడకు అంటించండి. ఏ మ్యాచ్‌కు ఎంత రేస్ అన్నది డైరెక్టర్ నోటిమాట కాకుండా అందరికీ కనిపించే పట్టిక కావాలి.

రేటింగ్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? సొంతంగా ఏ, బీ, సీ, డీ అని గ్రేడులు పెట్టుకోవడం చిన్న టూర్‌కు సులభం, కానీ గ్రేడు అంచున ఉన్న ప్రతివాడూ గొడవపడతాడు. పైగా గ్రేడు వేసేది మీరే కాబట్టి ఆ కోపం మీ మీదికే వస్తుంది. గేముల స్కోర్ల నుంచి లెక్కయ్యే రేటింగ్ అయితే మీకు ఆ తలనొప్పి ఉండదు. ఫార్గోరేట్‌లో 200 గేములు నమోదయ్యేదాకా రేటింగ్‌ను స్థిరపడినదిగా చూడరు. కొత్తవాళ్ళకు స్టార్టర్ రేటింగ్ (తొలి అంచనా) మీరే ఇవ్వాలి. అక్కడ మొహమాటం వద్దు. తెలియని ఆటగాడికి కొంచెం ఎక్కువే ఇవ్వండి, గేములు పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది. తక్కువ ఇచ్చి, అతను తొలి స్టాప్‌లోనే ఫైనల్ గెలిస్తే, మిగతా అరవై మంది దృష్టిలో మీ చార్ట్‌కు విలువ పోతుంది.

కావాలని చెడగొట్టి ఆడి రేటింగ్ తగ్గించుకునేవాళ్ళు, అదే శాండ్‌బ్యాగర్లు, ప్రతి టూర్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళకన్నా ఎక్కువ హాని చేసేది అనుమానం. ప్రతి గెలుపు వెనకా మోసం ఉందని గుసగుసలు మొదలైతే నిజాయితీగా మెరుగుపడుతున్న కుర్రాడు కూడా నలిగిపోతాడు. దీనికి నాకు పనిచేసినవి ఇవి. ఒకటి, స్కోరు గెలుపోటములుగా కాకుండా ర్యాకులతో సహా నమోదు చేయడం. మ్యాచ్ వదిలేసినా ర్యాకులు లెక్కలోకి వస్తాయి కాబట్టి దాచడం కష్టమవుతుంది. రెండు, డ్రా తీశాక ఎవరి రేటింగూ ముట్టుకోకపోవడం. ఎంత ఒత్తిడి వచ్చినా మార్పు తర్వాతి స్టాప్ నుంచే. మూడు, వేర్వేరు పార్లర్ల నుంచి ముగ్గురితో కమిటీ. ఫిర్యాదు వస్తే వాళ్ళు ర్యాకుల రికార్డు చూసి వారంలో నిర్ణయం చెప్తారు, ఫిర్యాదు చేసినవాడి పేరు బయటపెట్టరు. కమిటీలో కనీసం ఒకరు కిందిస్థాయి ఆటగాడై ఉండాలి. ఈ చివరి మాట చాలా ముఖ్యం, వాళ్ళ నమ్మకమే మీకు కావాలి.

ఇదే సందర్భంలో, ఆటగాళ్ళను వేలం పాడి, గెలిచినవాళ్ళను పాడుకున్నవాళ్ళు సొమ్ము పంచుకునే కలకత్తా పందెం పెట్టమని కొందరు అడుగుతారు. డబ్బు పెద్దదవుతుంది, సందడి ఉంటుంది, నిజమే. కానీ తక్కువ రేటింగ్‌తో దొంగచాటుగా గెలవడానికి అంతకన్నా బలమైన ఆశ ఇంకోటి లేదు. పైగా చాలా చోట్ల చట్టం దాన్ని జూదంగానే చూస్తుంది. నేనైతే పెట్టను.

మీరు అడగలేదు కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం నాకు తగిలింది: మొన్నటి ఫైనల్ అర్ధరాత్రి దాటాక ముగిసిందన్నారు. జనం తగ్గడానికి రేటింగుల తర్వాత రెండో కారణం ఇదేనేమో చూడండి. మర్నాడు పనికి వెళ్ళాల్సిన మనిషికి ఎనిమిదింటికి అయిపోయే టోర్నమెంట్ వేరు, ఒంటిగంటకు అయిపోయేది వేరు.

టైమ్ ఎక్కడ పోతుందో చూద్దాం. 64 మందితో పూర్తి డబుల్ ఎలిమినేషన్ అంటే 126 మ్యాచ్‌లు, ఫైనల్ రెండోసారి ఆడాల్సి వస్తే 127. పన్నెండు టేబుళ్ళున్నాయి, ఒక్కో మ్యాచ్ 45 నిమిషాలు అనుకుందాం. మొదట్లో టేబుళ్ళన్నీ నిండి ఉంటాయి కాబట్టి పని చకచకా జరుగుతుంది. సమస్య చివర్లో వస్తుంది. లూజర్స్ సైడ్‌లో మొత్తం పది రౌండులుంటాయి, అవి ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. అక్కడ రెండు మూడు టేబుళ్ళు ఆడుతుంటే మిగతావి ఖాళీగా ఉంటాయి. మొత్తం పన్నెండు, పదమూడు గంటలు పడుతుంది. ఇంకా టేబుళ్ళు తెచ్చినా ఈ చివరి భాగం తగ్గదు.

అందుకే 16 మంది మిగిలేదాకా డబుల్ ఎలిమినేషన్, ఆ తర్వాత సింగిల్ ఎలిమినేషన్ (ఒక్కసారి ఓడితే బయటికే) పెట్టండి. విన్నర్స్ సైడ్ నుంచి ఓటమి లేని ఎనిమిది మంది, లూజర్స్ సైడ్ నుంచి ఎనిమిది మంది వస్తారు. వాళ్ళకు కొత్తగా డ్రా తీస్తారు. మ్యాచ్‌లు 119కి తగ్గుతాయి. మ్యాచ్‌ల సంఖ్యలో పెద్ద తేడా లేదు కానీ, ఆఖరి దశ ఏడెనిమిది రౌండుల నుంచి నాలుగుకు దిగుతుంది. దాదాపు మూడు గంటలు మిగులుతాయి. ఉదయం పదింటికి మొదలుపెడితే రాత్రి ఎనిమిదికి కప్పు చేతికివ్వొచ్చు. ఓటమి లేకుండా వచ్చినవాడు ఒక్క మ్యాచ్‌తో బయటికి పోతే అన్యాయం కదా అంటారు. ఆ వాదన సరైనదే, అయినా అతనికి అప్పటికే బహుమతి ఖాయమైంది. ప్రేక్షకులున్న సమయంలో ఫైనల్ జరగడం టూర్‌కు చేసే మేలు అంతకన్నా పెద్దది.

మిగిలిన టైమ్‌ను మొదట చెప్పిన ఆ 16 మందికి వాడండి. రెండు మ్యాచ్‌లతో బయటికి వచ్చినవాళ్ళు సరిగ్గా 16 మంది కాబట్టి, వాళ్ళతో 3 ర్యాకుల రేస్‌లో సింగిల్ ఎలిమినేషన్ సెకండ్ చాన్స్ పెడితే బ్రాకెట్ అందంగా నిండుతుంది. ఎంట్రీ ఫీజు మొదటిదానిలో పావువంతు చాలు, ఇష్టమున్నవాళ్ళే ఆడతారు. మెయిన్ ఈవెంట్‌కు అవసరమయ్యే టేబుళ్ళు పోగా మిగిలే రెండు మూడు టేబుళ్ళ మీద అది నడుస్తుంది. నేను పనిచేసిన టూర్లలో కొత్తవాళ్ళను తిరిగి రప్పించిన మార్పుల్లో దీనికి సాటి ఇంకోటి చూడలేదు. ఉదయం పూట టెన్షన్‌తో చేతులు వణికిన ఆటగాడు మధ్యాహ్నం హాయిగా ఆడతాడు. అక్కడ పరిచయాలు కూడా అవుతాయి.

బ్రేక్ (ర్యాక్‌ను మొదలుపెట్టే తొలి షాట్) ఇద్దరికీ వంతులవారీగా, ఆల్టర్నేట్‌గా ఉంచండి. గెలిచినవాడే మళ్ళీ బ్రేక్ చేసే పద్ధతి వల్ల గెలుపు అవకాశాల్లో అమెచ్యూర్ స్థాయిలో పెద్ద తేడా రాదు కానీ, కుర్చీలో కూర్చునే ఓడిపోయానన్న భావన కిందివాడికి మిగులుతుంది. ర్యాక్ వదులుగా పెట్టారన్న గొడవలు పోవాలంటే బంతులను గట్టిగా పేర్చడానికి పనికొచ్చే పల్చటి ర్యాక్ షీట్లు ప్రతి టేబుల్ మీదా పెట్టండి. షాట్ క్లాక్ (ఒక్కో షాట్‌కు టైమ్ పరిమితి) అందరికీ వద్దు, కొత్తవాళ్ళు బెదిరిపోతారు. మ్యాచ్ గంట దాటినా సగం కూడా కాలేదంటే అప్పుడు ఇద్దరికీ చెప్పి 40 సెకన్ల గడియారం పెట్టండి.

డైరెక్టర్ ఆడకూడదు. మీరు ఆడుతున్నారని రాశారు. మీ ఇష్టం నాకు అర్థమవుతుంది, ఆట మీద ప్రేమతోనే కదా ఇదంతా మొదలుపెట్టారు. కానీ మీ మ్యాచ్ జరుగుతున్నప్పుడు మూడు టేబుళ్ళు ఖాళీగా ఉండిపోతాయి, తగవు తీర్చాల్సినవాడు షాట్ మీద వంగి ఉంటాడు. ఆడాలనుంటే ఆ రోజుకు వేరే డైరెక్టర్‌ను పెట్టి, వాళ్ళకు డబ్బిచ్చి ఆడండి.

ఆ డబ్బు ఎక్కడి నుంచి? ఎంట్రీ ఫీజును రెండు ముక్కలుగా ప్రకటించండి: ఇంత బహుమతికి, ఇంత నిర్వహణకు. టేబుళ్ళ కోసం పార్లర్‌కు ఇచ్చే గ్రీన్ ఫీజు, డైరెక్టర్ జీతం, బ్రాకెట్ సాఫ్ట్‌వేర్ ఖర్చు రెండో ముక్కలోంచి పోతాయి. స్టాప్ ముగిసిన రాత్రే ఫలితాలతో పాటు ఈ లెక్క కూడా అందరికీ పంపండి. నిర్వాహకుడు ఏదో తింటున్నాడన్న మాట ఒకసారి పుడితే దాన్ని ఆపడం చాలా కష్టం. పని చేసినందుకు డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు, ఎంత తీసుకున్నారో చెప్పకపోవడమే తప్పు.

సీజన్ విషయానికొస్తే, ఎనిమిది స్టాపులు, ఐదారు వారాలకొకటి, తేదీలన్నీ సీజన్ మొదలవకముందే ప్రకటించాలి. ఒక్కసారి తేదీ మార్చినా జనం మీ క్యాలెండర్‌ను నమ్మడం మానేస్తారు. ర్యాంకింగ్ పాయింట్లు ఎనిమిదింటిలో ఉత్తమమైన ఆరింటికి లెక్కపెట్టండి, పెళ్ళో జ్వరమో వచ్చి రెండు తప్పిపోయినా ఆశ మిగులుతుంది. సీజన్ ఫైనల్‌కు అర్హత ర్యాంకును బట్టి కాకుండా హాజరును బట్టి ఇవ్వండి. ఐదు స్టాపులు ఆడిన ఎవరైనా ఫైనల్ ఆడొచ్చు అన్నారనుకోండి, మూడు ఆడి ఒక్క మ్యాచ్ కూడా గెలవనివాడికి కూడా నాలుగోదానికి రావడానికి కారణం దొరుకుతుంది. ర్యాంకు ఉపయోగాన్ని సీడింగ్ (బలమైనవాళ్ళు మొదట్లోనే తలపడకుండా డ్రాలో విడదీయడం) వరకే పరిమితం చేయండి.

రెండు డివిజన్లుగా విడగొట్టమని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. ఇప్పుడే చేయకండి. ముప్పై మందిని రెండుగా చీలిస్తే పదిహేనేసి మందితో రెండు నీరసమైన టోర్నమెంట్లు మిగులుతాయి. రెండు వైపులా 32 చొప్పున నిండుతాయని వరసగా మూడు స్టాపుల్లో కనబడితే అప్పుడు ఆలోచించండి. ఆలోపు పైస్థాయికి రేటింగ్ పరిమితి ఒకటి చాలు. ప్రపంచస్థాయి ఆటగాళ్ళు 800 దగ్గర, ఆపైన ఉంటారు. అమెచ్యూర్ టూర్‌కు 650 దగ్గర గీత గీస్తే ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పరు. గీత దాటిన లోకల్ హీరోలను దూరం చేసుకోకండి. వాళ్ళతో కోచింగ్ గంట పెట్టించండి, ఫైనల్‌కు రిఫరీగా పిలవండి.

చివరగా కొత్త పార్లర్లు. ఇప్పుడున్న మూడింటిలో ఫీల్డు మళ్ళీ నలభై దాటాక ఒక్కటి చేర్చండి, రెండు కాదు. దూరం కన్నా ముందు టేబుళ్ళు చూడండి. 9 అడుగుల టేబుల్ ఆట ఉపరితలం 100 × 50 అంగుళాలు, 7 అడుగులదైతే సుమారు 78 × 39. ఒక స్టాప్ దాని మీద, ఇంకో స్టాప్ దీని మీద పెడితే మ్యాచ్ నిడివి మారిపోతుంది, మీ టైమ్ లెక్కలన్నీ తప్పుతాయి, ఆటగాళ్ళూ విసుక్కుంటారు. పాకెట్లు కూడా కొలవండి. ప్రామాణిక మూల పాకెట్ నోరు 4.5 నుంచి 4.625 అంగుళాలు, బంతి వ్యాసం 2.25. అంతకన్నా బిగించిన టేబుళ్ళ మీద అమెచ్యూర్ల 45 నిమిషాల మ్యాచ్ సులువుగా గంట దాటుతుంది.

పార్లర్ యజమానితో మాట్లాడేటప్పుడు బహుమతికి అదనపు సొమ్ము కలపమని మొదటే అడగకండి. ఆయనకు నష్టం రాదని ఒక స్టాప్ జరిపి చూపించాక అడగండి, అప్పుడు ఆయనే ముందుకొస్తాడు. అంతకన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఆ రోజు టేబుళ్ళన్నీ మనకే ఇస్తారా, క్లాత్ చివరిసారి ఎప్పుడు మార్చారు, బంతులు ఎవరు తుడుస్తారు, ఆ పార్లర్ లీగ్ ఆటగాళ్ళలో మన తరఫున పేర్లు రాసుకోగల మనిషి ఎవరు. ఆ నాలుగో ప్రశ్నకు జవాబుగా ఒక పేరు రాకపోతే, టేబుళ్ళు ఎంత బాగున్నా ఆ పార్లర్‌ను వచ్చే సీజన్‌కు వాయిదా వేయండి.